పరాయి దేశంలో పంతులుద్యోగం, పైన ఫ్లూ: 2009లో కొరియా చూపించిన చిక్కులు

2009 మే నెల చివర్లో దక్షిణ కొరియాలో ఒక వార్త పెద్ద కలకలం రేపింది. అమెరికా, కెనడా లాంటి దేశాల నుంచి ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా వచ్చిన కుర్ర టీచర్ల బృందంలో స్వైన్ ఫ్లూ బయటపడింది. వాళ్ళంతా సియోల్‌లో ఒకేచోట ట్రైనింగ్ తీసుకుంటూ, కలిసి బస చేస్తున్నవాళ్ళు. ముందు ఒకరికి పాజిటివ్ వచ్చింది, ఆ తర్వాతి రోజుల్లో వరసగా ఇంకొందరికి. జబ్బు తేలినవాళ్ళను ఆసుపత్రిలో చేర్చి, మిగతావాళ్ళను విడిగా ఉంచి గమనించారు. నిజానికి కొరియాలో మొదటి కేసు మే 2నే తేలింది. ఆమె మెక్సికో వెళ్ళొచ్చిన ఒక క్రైస్తవ సన్యాసిని, కొరియా దేశస్థురాలు. కానీ పిల్లలున్న ఇళ్ళలో భయం పుట్టించింది మాత్రం ఈ టీచర్ల వార్తే. రేపు మన పిల్లల క్లాసులోకి వచ్చేది వీళ్ళే కదా అని.

ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. అయితే అందులో రెండు వేరువేరు విషయాలు కలగాపులగం అయిపోయాయి. వైరస్ ఎలా పాకుతుందన్నది ఒకటి. పరాయి దేశంలో పనిచేసే టీచరు బతుకు దేని మీద ఆధారపడి ఉంటుందన్నది ఇంకొకటి. మొదటిదాని గురించి డాక్టర్లు చెప్తారు, పేపర్లు రాస్తాయి. రెండోదాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఫ్లూ కాలంలో ఈ రెండోదే ఎక్కువ లెక్కలోకి వస్తుందని నా నమ్మకం. "నాకు జ్వరం వచ్చింది, ఇవాళ రాలేను" అని ఆ టీచరు నిర్భయంగా చెప్పగలిగితే, ఆ టీచరుతో పాటు ఆ బడి పిల్లలు కూడా బాగుపడతారు. చెప్పలేకపోతే ఇద్దరూ దెబ్బతింటారు.

ముందు వైరస్ సంగతి చూద్దాం. 2009 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల్లో ఈ కొత్త రకం హెచ్1ఎన్1ను గుర్తించారు. అప్పటికే మెక్సికోలో అది జోరుగా పాకుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏప్రిల్ 25న అత్యవసర పరిస్థితి ప్రకటించింది, జూన్ 11న దీన్ని మహమ్మారి అని తేల్చింది. మామూలు ఫ్లూతో ఎక్కువగా ప్రాణాలు పోయేది ముసలివాళ్ళకు. ఇది అలా కాదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తర్వాత వేసిన అంచనాలో, ప్రపంచం మొత్తం మీద దీనివల్ల చనిపోయినవాళ్ళలో 80 శాతం మంది 65 ఏళ్ళ లోపువాళ్ళే. ఇలాంటి వైరస్‌లు పూర్వం ఒకసారి తిరిగి ఉండటం వల్ల పెద్ద వయసువాళ్ళ ఒంట్లో ఎంతో కొంత రక్షణ మిగిలి ఉంది. పిల్లలకు, పాతికేళ్ళ వాళ్ళకు ఆ రక్షణ లేదు. బడి పిల్లలూ, డిగ్రీ చేతికి రాగానే విమానమెక్కి వాళ్ళకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన టీచర్లూ సరిగ్గా ఆ వయసుల్లోనే ఉన్నారు.

దీనికి తోడు ఆ ఉద్యోగం తీరు కూడా అలాంటిదే. కొరియాలో ప్రభుత్వ బడులకు విదేశీ టీచర్లను పంపే పథకం పేరు ఎపిక్. 1990ల నడిమి నుంచి నడుస్తోంది. అందులో చేరిన టీచరుకు వారానికి 22 క్లాసులు. మామూలు క్లాసు టీచరు రోజంతా తన ముప్పై మందితోనే ఉంటుంది. విదేశీ టీచరు అలా కాదు, బడిలో దాదాపు ప్రతి క్లాసుకూ వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళి వస్తాడు. ఒక్కో క్లాసులో ముప్పై మంది, క్లాసు వారానికి ఒక్కసారే అనుకుంటే, వారంలో ఆరు వందల మందికి పైగా పిల్లల ఎదుట నిలబడతాడు. వాళ్ళ నోట్లో నుంచి మాట పలికించడం అతని పని. కాబట్టి దూరంగా నిలబడి చెప్పే పాఠం కాదది. ఆటలు, పాటలు, కార్డులు చేతులు మారడం, పిల్లలు వచ్చి మీద పడటం. మొదటి ఏడాది టీచర్లకు ఫ్లూ లేని రోజుల్లో కూడా జలుబులు వదలవంటే ఆశ్చర్యం లేదు. కొత్త దేశపు సూక్ష్మక్రిములన్నిటినీ ఒకే ఏడాదిలో పరిచయం చేసుకుంటారు.

దీన్ని తిప్పి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అన్ని క్లాసులకూ తిరిగే మనిషి జబ్బుతో ఉండి బడికి వస్తే అతని నుంచి అన్ని క్లాసులకూ చేరవచ్చు. కనుక బడిలో అందరికంటే ముందు ఇంట్లో పడుకోనివ్వాల్సింది అతన్నే. ఆచరణలో అందరికంటే కష్టంగా సెలవు దొరికేది కూడా అతనికే. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

విదేశీయుల మీద కన్నేస్తే జబ్బు ఆగుతుందా అన్న ప్రశ్నకు అదే మే నెలలో జపాన్‌లో జవాబు దొరికింది. నరితా విమానాశ్రయంలో అధికారులు విమానాల్లోకే ఎక్కి, ప్రయాణికులను ఒక్కొక్కరినీ చూసి దింపుతున్నారు. ఇంతలో మే 16న కోబె నగరంలో ఒక హైస్కూలు విద్యార్థికి పాజిటివ్ వచ్చింది. ఆ పిల్లవాడు దేశం దాటి వెళ్ళిందే లేదు. చూస్తుండగానే హ్యోగో, ఒసాకా ప్రాంతాల్లో నాలుగు వేలకు పైగా బడులు మూతపడ్డాయి. విమానాశ్రయంలో అంత పకడ్బందీగా కాపలా కాస్తున్నప్పుడే వైరస్ ఊళ్ళో బడి పిల్లల మధ్య తిరుగుతోందన్నమాట. ఫ్లూ సోకాక లక్షణాలు కనిపించడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. లక్షణాలకు ఒక రోజు ముందే ఆ మనిషి నుంచి ఇతరులకు అంటుకోవడం మొదలవుతుంది. అలాంటి జబ్బును జ్వరం కొలిచే కెమెరా ఎంతవరకు పట్టుకోగలదు?

అలాగని మే నెలలో కొరియా చేసింది తప్పని నేను అనను. జబ్బు ఇంకా బయటి నుంచే వస్తున్న దశలో, వచ్చినవాళ్ళను కొన్నాళ్ళు విడిగా ఉంచితే కాస్త సమయం దొరుకుతుంది. మందులు సమకూర్చుకోవడానికి, ఆసుపత్రులను సిద్ధం చేసుకోవడానికి ఆ సమయం పనికొస్తుంది. ట్రైనింగ్ బృందంలో నిజంగానే వైరస్ ఉంది, దాన్ని అక్కడే కట్టడి చేయడం సరైన పనే. చిక్కల్లా దశ మారాక కూడా అదే ఆలోచనలో ఉండిపోవడంతో వస్తుంది. జులై నాటికే ప్రపంచ ఆరోగ్య సంస్థ, జబ్బు విస్తరించిన దేశాలు ఇక ఒక్కొక్క కేసునూ పరీక్ష చేసి లెక్కపెట్టాల్సిన పని లేదని చెప్పింది. ఆగస్టు 15న కొరియాలో మొదటి మరణం నమోదైంది. ఆ నెలలోనే వేసవి సెలవులకు సొంత దేశం వెళ్ళి తిరిగొచ్చిన టీచర్లను 7 రోజులు బడికి రావద్దని చెప్పారు. సెలవులకు దేశం దాటి వెళ్ళొచ్చేది ఎక్కువగా విదేశీ టీచర్లే కాబట్టి ఆ బరువు వాళ్ళ మీదే ఎక్కువగా పడింది. ఆ 7 రోజులకు జీతం ఉందా, సొంత సెలవుల్లో కోత పడుతుందా అన్నది ఒప్పందాన్ని ఎవరు ఎలా చదువుతారన్న దాని మీద ఆధారపడేది.

సెప్టెంబరులో బడి గేటు దగ్గర పొద్దున్నే పిల్లలు బారులు తీరేవారు. టీచర్లు చెవిలో పెట్టే థర్మామీటర్లు పట్టుకుని ఒక్కొక్కరి జ్వరం చూసి లోపలికి పంపేవారు, చేతుల్లో శానిటైజర్ పోసేవారు. విదేశీ టీచరు కూడా ఆ వరసలోనే చెవి చూపించి లోపలికి వెళ్ళాలి. నవంబరు 3న ప్రభుత్వం హెచ్చరికను అన్నిటికంటే పై మెట్టుకు పెంచింది. ఆ నెల 11 నుంచి బడి పిల్లలకు టీకాలు మొదలయ్యాయి. మర్నాడే సునుంగ్ పరీక్ష, అంటే కాలేజీ సీట్లను తేల్చే జాతీయ పరీక్ష. ఆరు లక్షలకు పైగా విద్యార్థులు రాసే ఆ పరీక్షను వాయిదా వేయకుండా, ఫ్లూ ఉన్నవాళ్ళకు విడి గదులు పెట్టి రాయించారు. అప్పటికి వైరస్‌కు పాస్‌పోర్టు రంగుతో ఏ సంబంధమూ లేదు. పిల్లల నుంచే టీచర్లకు అంటుకుంటోంది.

బడుల మూసివేత గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొరియాలో దానికొక ప్రత్యేకమైన చిల్లు ఉంది. పిల్లల చదువు బడితో అయిపోదు. సాయంత్రం హగ్వాన్లు ఉంటాయి, అంటే ఫీజులు తీసుకుని నడిపే ప్రైవేటు కోచింగ్ సెంటర్లు. ఐదారు బడుల పిల్లలు ఒకే హగ్వాన్‌లో కలుస్తారు. బడి మూసి హగ్వాన్ తెరిచి ఉంచితే, విడదీసిన పిల్లలను సాయంత్రానికి మళ్ళీ ఒక గదిలో కూర్చోబెట్టినట్టే. హగ్వాన్ యజమానికి నెల నెలా వచ్చే ఫీజే ఆధారం. వారం మూస్తే తల్లిదండ్రులు డబ్బు వెనక్కి అడుగుతారు, లేదా పక్క హగ్వాన్‌కు మారుస్తారు. విదేశీ టీచర్లలో చాలామంది పనిచేసేది ఇలాంటి చోట్లే.

ఇక రెండో విషయం. హగ్వాన్‌లో పనిచేసే ఒక టీచరును ఊహించుకుందాం. వచ్చి నెలన్నర అయింది. తెల్లవారేసరికి ఒళ్ళంతా నొప్పులు, గొంతు మంట, జ్వరం 38.7 డిగ్రీల సెల్సియస్. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి దాకా క్లాసులు. డైరెక్టరుకు ఫోన్ చేస్తే మొదటి మాట "బాగా ఎక్కువగా ఉందా? అసలు రాలేవా?" అని. ఇతని బదులు పాఠం చెప్పే మనిషి లేడు. ఉన్న మరో ఇద్దరు టీచర్లు తమ క్లాసులతో పాటు ఇతని క్లాసులు కూడా పంచుకోవాలి. వాళ్ళ ముఖం చూడాలంటేనే మొహమాటం. సరే, వీధి చివర క్లినిక్‌కు వెళ్తాడు. కొరియాలో క్లినిక్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి, పని తొందరగా అవుతుంది, ఇన్సూరెన్స్ ఉంటే ఖర్చు కూడా తక్కువే. కానీ కౌంటరులో అడిగేది విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు. దేశంలోకి వచ్చిన 90 రోజుల్లోగా దాన్ని చేయించుకోవాలి. అది చేతికి రానిదే ఇన్సూరెన్స్ పనులు ముందుకు సాగవు. అంటే కొత్త పిల్లలు, కొత్త వాతావరణం, ఒంట్లో ఏ రక్షణా లేని ఆ మొదటి వారాల్లోనే చేతిలో కార్డు ఉండదు.

లోపల డాక్టరు ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తాడు, కాసేపట్లో ఫలితం వస్తుంది. నెగెటివ్. ఇక్కడే చాలామంది పొరబడతారు. అప్పటికప్పుడు ఫలితం చెప్పే ఫ్లూ పరీక్షలు ఉన్న జబ్బును కూడా చాలాసార్లు పట్టుకోలేవు. లక్షణాలు గట్టిగా ఉంటే నెగెటివ్ అన్న మాటను నమ్ముకుని పనికి వెళ్ళకూడదు. టామిఫ్లూ లాంటి మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఫోన్ చేయాలా వద్దా అని మొహమాటపడిన గంటలు కూడా ఆ 48లోనే పోతాయి. చివరికి డాక్టరు సర్టిఫికెట్ రాసిస్తాడు, అది కొరియన్‌లో ఉంటుంది. ఎన్ని రోజులు విశ్రాంతి రాశాడో డైరెక్టరు చదవగలడు, టీచరు చదవలేడు. ఆ కాగితం ఇచ్చే ముందు ఫోనులో ఫొటో తీసుకుని, భాష తెలిసినవాళ్ళతో చదివించుకోవడం మంచిది.

ప్రభుత్వ బడిలో అయితే ఇదంతా కో-టీచర్ ద్వారా జరుగుతుంది. ఇల్లు, బ్యాంకు, సెల్‌ఫోను, ఆసుపత్రి అన్నిటికీ తోడు వచ్చే స్థానిక టీచరు ఆమె. మంచి మనిషి దొరికితే అంతకంటే అదృష్టం లేదు, జ్వరంలో గంజి తెచ్చిపెట్టే కో-టీచర్లు ఉంటారు. కానీ ఒక ఇబ్బంది కూడా ఉంది. నీ ఒంట్లో ఏముందో డాక్టరుకు చెప్పాలంటే ముందు నీ తోటి ఉద్యోగికి చెప్పాలి. మధ్యాహ్నానికి ఆ సంగతి స్టాఫ్‌రూమ్ అంతటికీ తెలుస్తుంది. మామూలు జలుబైతే పరవాలేదు. ఊరంతా భయపడుతున్న జబ్బైతే, మాస్కుల వెనక చూపులు మారిపోతాయి.

ఆ టీచరు ఎందుకంత జంకుతాడో అతని ఒప్పందం చూస్తే తెలుస్తుంది. జీతం, ఉండే గది, ఇన్సూరెన్స్, తిరుగు టిక్కెట్టు, ఏడాది నిండితే వచ్చే ఒక నెల జీతమంత బోనస్, అన్నిటికీ మించి దేశంలో ఉండనిచ్చే ఈ-2 వీసా (విదేశీ భాషా టీచర్లకిచ్చేది), అన్నీ ఒకే మేకుకు తగిలించి ఉంటాయి. ఆ మేకు ఆ ఒక్క యజమాని. 2009 రోజుల్లో వేరే చోటికి మారాలంటే పాత యజమాని వదిలేస్తున్నట్టు రాసిన ఉత్తరం కావాలి. ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో కూడిన జబ్బు సెలవు ఇచ్చి తీరాలన్న నిబంధన కొరియా కార్మిక చట్టంలో లేదు. ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే. హగ్వాన్ ఒప్పందాల్లో ఏడాదికి మూడు రోజులో ఐదు రోజులో ఉండటం మామూలు. ఫ్లూ వచ్చినవాళ్ళు జ్వరం తగ్గాక కూడా కనీసం ఒక రోజు ఇంట్లో ఉండాలన్నది వైద్యుల సలహా. ఒక్క ఫ్లూతోనే ఏడాది సెలవులన్నీ అయిపోతాయి. పదకొండో నెలలో ఉన్న టీచరైతే బోనస్, టిక్కెట్టు కళ్ళముందు కనిపిస్తుంటాయి. ఒక పారాసిటమాల్ వేసుకుని, థర్మామీటర్ అంకె దిగాక గేటు దాటి వెళ్ళిపోవాలనిపిస్తుంది. గేటు దగ్గర ఎన్ని థర్మామీటర్లు పెట్టినా ఆ మాత్ర ముందు అవి ఓడిపోతాయి.

ప్రజారోగ్యం విషయంలో నేను గట్టిగా పట్టుకునేది ఇదే. జబ్బు దాచుకోవడాన్ని మనిషి గుణంగా చూసి తిట్టడం తేలిక. కానీ చెప్తే నష్టం, దాస్తే లాభం అయ్యేలా ఏర్పాట్లు చేసిపెట్టి, ఆ తర్వాత నిజాయితీ ఆశించడం న్యాయం కాదు. జీతం పోకుండా ఐదు రోజులు పడుకోనిస్తే చాలామంది మొదటి రోజే ఫోన్ చేస్తారు.

విదేశీ టీచరును జబ్బుతో ముడిపెట్టి చూడటం 2009తో మొదలవలేదు. అంతకు ముందే, 2007 డిసెంబరు నుంచి, ఈ-2 వీసా మీద వచ్చేవాళ్ళకు హెచ్ఐవీ, మాదకద్రవ్యాల పరీక్షలు తప్పనిసరి చేశారు. అదే పని చేసే కొరియా టీచర్లకు ఆ షరతు లేదు. న్యూజిలాండ్‌కు చెందిన ఒక టీచరు మళ్ళీ పరీక్ష చేయించుకోనని పట్టుబట్టి ఉద్యోగం పోగొట్టుకుంది, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్ళింది. 2015లో కమిటీ ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 2017లో కొరియా ఆ హెచ్ఐవీ పరీక్షను తీసేసింది. 2021 మార్చిలో కోవిడ్ సమయంలో సియోల్ నగర పాలక సంస్థ విదేశీ ఉద్యోగులంతా పరీక్ష చేయించుకోవాలని ఆదేశించింది, రాయబార కార్యాలయాలు అభ్యంతరం చెప్పాక రెండు రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. కిక్కిరిసిన గదుల్లో ఉండే కార్మికుల్లో కేసులు పెరిగితే ఆ గదులను, ఆ పని చోట్లను పరీక్షించాలి. దేశం పేరు చూసి మనుషులను వరసలో నిలబెడితే, పక్క బల్ల దగ్గర దగ్గుతున్న స్థానికుణ్ణి వదిలేసినట్టే.

మనవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ ఫ్లూ ఏడాదిలోనే, ఆగస్టు 7న, భారత్, కొరియా సెపా అనే ఆర్థిక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2010 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే దక్కేది. సెపా వల్ల అర్హత ఉన్న భారతీయులకు కూడా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు సహాయక టీచర్లుగా వెళ్ళే దారి తెరుచుకుంది. అలా వెళ్ళాలనుకునేవాళ్ళు జీతం, గది అద్దె గురించి అడిగినంత శ్రద్ధగా జబ్బు సెలవు గురించి కూడా అడగాలి. ఏడాదికి ఎన్ని రోజులు, జీతంతోనా జీతం లేకుండానా, ఎన్నో రోజు నుంచి డాక్టరు కాగితం కావాలి, బడి తనంతట తను మూసేస్తే ఆ రోజులు ఎవరి ఖాతాలో పడతాయి, విడిగా ఉండమంటే జీతం వస్తుందా. ఇవన్నీ సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి. జాతీయ ఆరోగ్య బీమాలో నిజంగా పేరు చేర్చారా అన్నది జీతం చీటీలో తెలుస్తుంది, ఆ బీమా రుసుములో సగం ఉద్యోగి, సగం యజమాని కట్టాలి. కొందరు యజమానులు ఆ సగం తప్పించుకోవడానికి టీచరును సొంతంగా పనిచేసుకునే మనిషిగా రాసేస్తారు. నెలకు కాస్త డబ్బు మిగిలినట్టు కనిపిస్తుంది గాని, న్యుమోనియా దాకా వెళ్తే అసలు లెక్క అప్పుడు తేలుతుంది.

ఫ్లూ టీకా అక్టోబరు, నవంబరు నెలల్లో వేయించుకుంటే చలికాలానికి రక్షణ తయారవుతుంది. మొదటి నెలన్నర కోసం ఇంటి నుంచి ప్రయాణ బీమా చేయించుకుని వెళ్ళడం మేలు. వీసా సందేహాలకు పలు భాషల్లో జవాబిచ్చే 1345 నంబరు, అత్యవసరానికి 119 ఫోనులో వేసుకోవాలి. ఉబ్బసం, మధుమేహం లాంటివి ఉన్నా, గర్భంతో ఉన్నా ఫ్లూ ముదిరే ప్రమాదం ఎక్కువ. అలాంటివాళ్ళు తమ జబ్బు పేరు, వాడే మందుల పేర్లు కొరియన్‌లో ఒక కాగితం మీద రాయించుకుని పర్సులో పెట్టుకోవాలి. ఊపిరి అందకపోయినా, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టినా కో-టీచర్ ఖాళీ అయ్యేదాకా ఆగకుండా ఆ కాగితం పట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళిపోవాలి.